తెలుగు నాటకాలు క్రమం తప్పకుండా చూడాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగం, సినిమాలు బాగా చూస్తారు, చిన్నప్పుడెప్పుడో సురభి వాళ్ల నాటకం చూసిన జ్ఞాపకం ఉంది. ఈ ఏడాది నుంచి నాటకాలు అలవాటుగా చూడాలనుకుంటున్నారు. కానీ ఎక్కడ ఏం ఆడుతున్నారో తెలియదు, తెలిసేసరికి అయిపోతోంది, పైగా "తెలుగులో ఇంకా నాటకాలు వేస్తున్నారా" అని ఆఫీసులో నవ్వుతున్నారు. మొదట ఏం చూడాలి, ఏడాది మొత్తానికి ప్లాన్ ఎలా వేసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. నాటకాన్ని వెతకడం మానేసి, ఒక హాలునీ ఒక నాటక సమాజాన్నీ పట్టుకోండి. అక్కడ ఏం వేస్తే అది చూడండి. మొదటి ఏడాదిలో మాత్రం మూడు రకాలు తప్పకుండా చూసెయ్యండి: సురభి వాళ్లది ఒకటి, ఏదో ఒక పరిషత్తులో, అంటే నాటక పోటీల్లో, ఒక సాయంత్రం మొత్తం, పద్యనాటకం ఒకటి. ఈ మూడూ అయ్యాక మీకు ఏది ఎక్కుతుందో, ఏది ఎక్కదో మీకే తెలిసిపోతుంది, ఆ తర్వాత నాలాంటివాళ్లని అడగాల్సిన పనుండదు.

ముందు నా సంగతి ఒక్క ముక్క. నేను నటుణ్ణి కాదు, రచయితనీ కాదు, కాలేజీ రోజుల నుంచి ముందు వరసలో కూర్చుని చూస్తున్నవాణ్ణి. చూసీ చూసీ మొహం తెలిసిపోయింది కాబట్టి అప్పుడప్పుడూ పరిషత్తుల్లో న్యాయనిర్ణేతగా కూడా కూర్చోబెడుతుంటారు. కాబట్టి ఇదంతా ప్రేక్షకుడి వైపు నుంచి చెప్పేదే అనుకోండి.

హాలుని పట్టుకోమని ఎందుకంటున్నానంటే, మీరు సినిమా లెక్కలో ఆలోచిస్తున్నారు. సినిమా విడుదలవుతుంది, టాక్ వస్తుంది, బాగుందంటే వారాంతంలో వెళ్తారు. తెలుగు నాటకానికి ఆ వారాంతమే ఉండదు. మనకి ఒక నాటకం ఒకే హాల్లో వరసగా నెల రోజులు ఆడే పద్ధతి లేదు. ఈ రోజు ఇక్కడ ఒక్క ప్రదర్శన, మళ్లీ ఇంకో ఊళ్లో ఇంకో పరిషత్తులో ఎప్పుడో. "బాగుందట" అన్న మాట మీ చెవిన పడేసరికి ఆ బృందం సెట్టు సామాను మూట కట్టుకుని రైలెక్కేసి ఉంటుంది. అందుకని ఇక్కడ టాక్ చూసి వెళ్లడం కుదరదు. పేరు చూసి వెళ్లాలి, అంటే రచయిత పేరు, దర్శకుడి పేరు, సమాజం పేరు. ఆ పేర్లు మొదట్లో మీకు ఏమీ చెప్పవు. ఒక నాలుగైదు నెలలు ఒకే చోటికి వెళ్తుంటే కరపత్రం చూడగానే "ఓహో, ఈయన దర్శకత్వమా, అయితే వెళ్లాలి" అనడం మీకే అలవాటవుతుంది.

హైదరాబాద్‌లో తెలుగు నాటకానికి ప్రధానమైన చోట్లు మూడు. రవీంద్రభారతి సంగతి అందరికీ తెలిసిందే, ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో మొదలైంది. నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని ఎన్టీఆర్ కళామందిరం రెండోది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ మూడోది. ఈ మూడింటి గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీలే అసలు సమాచారం. ఆన్‌లైన్లో టికెట్లు అమ్మే యాప్‌లలో వెతికితే మీకు ఎక్కువగా హిందీ, ఇంగ్లీషు నాటకాలూ, స్టాండప్ కామెడీలూ కనిపిస్తాయి, తెలుగు నాటకాలు చాలావరకు ఆ దారిన రావు. పేపర్లో జిల్లా పేజీలో "నేడు నగరంలో" అని చిన్న అక్షరాలతో వేస్తారు చూడండి, అక్కడ ఉంటాయి. ఇంకా మంచి పద్ధతి, ఒకసారి ఏదో ఒక నాటకానికి వెళ్లి అయిపోయాక నిర్వాహకుల్లో ఒకరిని పట్టుకుని "నా నంబరు మీ వాట్సాప్ గ్రూపులో వెయ్యండి సార్" అని అడగండి. కాదనేవాళ్లు ఉండరు. నలభై ఏళ్ల లోపు మనిషి హాల్లో కనిపిస్తేనే వాళ్లకి పండగ, అలాంటిది మీరే వచ్చి అడిగితే టీ కూడా ఇప్పిస్తారు. ఆ ఒక్క గ్రూపు నుంచి మిగతా గ్రూపులు వాటంతటవే వస్తాయి, ఆఖరికి ఇన్విటేషన్ కార్డుల ఫొటోలతో ఫోన్ నిండిపోతుంది, అది వేరే తలనొప్పి.

ఇక ఆ మూడు రకాల గురించి.

సురభి. మీకు ఆల్రెడీ ఒక జ్ఞాపకం ఉంది కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ వేయడంతో మొదలైంది వీళ్ల ప్రయాణం. అప్పటి నుంచి కుటుంబాలకి కుటుంబాలే నాటకం మీద బతుకుతున్నాయి. మిగతా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న కాలంలోనే సురభిలో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేశారు. 1937 నాటి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వీళ్లలో ఎక్కువమందికి తెలిసిన బృందం, దాన్ని నడిపిన బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. శేరిలింగంపల్లి వైపు సురభి కాలనీ ఉంది, మీరు ఐటీ కారిడార్‌లో పనిచేస్తుంటే అది మీ ఆఫీసుకి దగ్గరే.

మాయాబజార్‌తో మొదలుపెట్టండి, లేదంటే భక్త ప్రహ్లాద. పిల్లలు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. నారదుడు మేఘంలోంచి దిగుతాడు, బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలుస్తాయి, స్తంభం చీలి నరసింహుడు వస్తాడు. గ్రాఫిక్స్ చూసి పెరిగిన మీకు తీగ కనిపిస్తుంది, నిజమే. కానీ కనిపించాక కూడా ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకో చెప్తాను. ఒకసారి వీలు కల్పించుకుని స్టేజీ పక్కన తెర చాటున, వింగులో నిలబడి చూశాను. అర్జునుడు స్టేజీ మీద విల్లు ఎక్కుపెడుతున్నాడు, నా పక్కన ఒక కుర్రాడు తీగ కొసని చేతికి చుట్టుకుని, కళ్లు నటుడి మోచేతి మీదే పెట్టి నిలబడ్డాడు. సైగ లేదు, మాట లేదు. మోచెయ్యి వెనక్కి వచ్చి ఆగిన క్షణానికి వీడి చెయ్యి కదిలింది, బాణం వెళ్లిపోయింది. అవతలి వింగులో ఇంకొకడు అదే క్షణాన వదిలాడు. రెండూ మధ్యలో తగిలాయి. ఆ వెంటనే కుర్రాడు తీగ వదిలేసి తలకి కిరీటం తగిలించుకుని తరవాతి సీనులో సైనికుడిగా వెళ్లిపోయాడు. ఇదంతా వాళ్లకి మామూలే.

ఇంకో సంగతి గమనించండి, తెరలు. ముందు తెర దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే దాని వెనక చప్పుడు లేకుండా దర్బారు సిద్ధమైపోతుంటుంది. తెర లేచేసరికి సింహాసనం, స్తంభాలు, ద్వారపాలకులు అన్నీ ఉంటాయి. సీనుకీ సీనుకీ మధ్య మీరు ఎదురుచూడాల్సిన అవసరమే రాదు. ఈ రోజుల్లో నాటికల్లో సెట్టు మార్చడానికి లైట్లార్పేసి చీకట్లో కుర్చీలు ఈడుస్తుంటే నాకు వీళ్లే గుర్తొస్తారు. సురభికి మొదటి వరస టికెట్ తీసుకోకండి, మధ్యలో కొంచెం వెనగ్గా కూర్చోండి. మాయ అక్కణ్ణుంచి చూస్తేనే మాయలా ఉంటుంది.

పరిషత్తు. మీకు బహుశా ఇది పూర్తిగా కొత్త. నా లెక్కలో తెలుగు నాటకం అసలు బతికున్నది ఇక్కడే. పరిషత్తు అంటే నాటక పోటీలు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో మొదలైంది, దాన్ని చూసి ఊరూరా పుట్టుకొచ్చాయి. ఇప్పటికీ గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో, విశాఖలో, హైదరాబాద్‌లో, చిన్న చిన్న ఊళ్లలో కూడా ఏటా జరుగుతుంటాయి. సాయంత్రం మొదలుపెట్టి రాత్రి ఎంతయినా సరే రోజుకి మూడు, ఒక్కోచోట నాలుగు నాటికలు, ఇలా రెండు మూడు రోజులు. నాటిక అంటే గంట, గంటలోపు. ఆఖరి రోజు ఫలితాలు. ఉత్తమ ప్రదర్శన, రచన, దర్శకత్వం, నటుడు, నటి, ప్రతినాయకుడు, హాస్యం, రంగాలంకరణ, ఆహార్యం (వేషధారణ), సంగీతం, ఇలా బోలెడు బహుమతులు.

వీటికి వెళ్లమని ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, ఒకే సాయంత్రం, ఒకే స్టేజీ, అవే లైట్లు, అదే మైకు, అదే ప్రేక్షకులు, మీ ముందు మూడు బృందాలు. ఒకళ్లు అదే లైటుతో ఇంటి వసారాలో సాయంత్రం తెస్తారు, ఇంకొకళ్లు అదే లైటు మొహాన కొట్టి వదిలేస్తారు. ఒక నటుడు చివరి వరస దాకా వినబడేలా గుసగుసలాడతాడు, తరవాత వచ్చినాయన మైకు కిందకెళ్లి అరుస్తాడు, అయినా ఒక్క ముక్క అర్థం కాదు. మంచికీ చెడ్డకీ తేడా ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, పక్కపక్కనే కనిపిస్తుంది. నెలకొకటి చొప్పున విడివిడిగా చూస్తే ఈ తేడా పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

నాటికకీ నాటికకీ మధ్య విరామంలో బయటికెళ్లకుండా కూర్చుంటే ఇంకో తమాషా. అవతలి బృందం వచ్చి ఇరవై నిమిషాల్లో ఇల్లు కట్టేస్తుంది. తలుపు చట్రానికి మేకులు కొడుతున్నాయన ఇందాకటి నాటికలో ఊరి ప్రెసిడెంటు అయ్యుంటాడు, మేకప్ ఇంకా తుడుచుకోకుండానే స్నేహితుడి బృందానికి సాయం పడుతుంటాడు. ఇక నటీమణుల సంగతి. స్త్రీ పాత్రలు వేసే ఆర్టిస్టులు తక్కువమంది, అందుకని ఒకే పోటీలో ఒకే నటి రెండు మూడు సమాజాలకి వేషం వేస్తుంది. సాయంత్రం ఏడింటికి నిండు గర్భిణి, తొమ్మిదింటికి డెబ్బై ఏళ్ల అవ్వ. మధ్యలో చీర మార్చుకుని, జుట్టుకి తెల్లరంగు పూసుకుని, ఒక టీ తాగి వస్తుందంతే. నా దృష్టిలో ఈ నటీమణుల మీద రావలసినన్ని వ్యాసాలు రాలేదు.

ఇప్పుడు హెచ్చరిక కూడా వినండి. పరిషత్తులో మూడు నాటికలు చూస్తే ఒకటి బాగుంటుంది, ఒకటి ఫరవాలేదు, ఒకటి మిమ్మల్ని ఫోన్ చూసుకునేలా చేస్తుంది. వృద్ధాశ్రమం నాటిక ఒకటి తగలకుండా మీరు బయటపడలేరు. అమెరికాలో కొడుకు, ఇక్కడ తండ్రి, ఆఖర్లో ఫోన్ మోగుతుంది, తండ్రి ఎత్తడు, అందరికీ తెలిసిపోతుంది. న్యాయనిర్ణేతల్ని ఏడిపిస్తే మార్కులు వస్తాయన్న నమ్మకం ఒకటి బలంగా ఉంది (కొంత నిజం కూడా ఉంది, మేమూ మనుషులమే). ముగింపులో ఒక పాత్ర ముందుకొచ్చి సమాజానికి సందేశం ఇవ్వడం, గుండెలు బాదే రికార్డెడ్ మ్యూజిక్ డైలాగుని మింగెయ్యడం, ఇవి ఈ పద్ధతికి పట్టిన రోగాలు. మొదటిసారే అలాంటిది తగిలితే "ఇదేనా నాటకమంటే" అని వెళ్లిపోకండి, అందుకే సాయంత్రం మొత్తం ఉండమంటున్నాను.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే నంది నాటక పురస్కారాల పోటీలు ఇదే పద్ధతిలో పెద్ద ఎత్తున జరుగుతాయి, పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, పిల్లలవీ, కాలేజీ వాళ్లవీ అన్నీ ఒకే చోట. 2023 డిసెంబరులో గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. కానీ అవి ఏటా ఠంచనుగా జరిగేవి కావు, ప్రకటన వస్తే సెలవు పెట్టుకుని వెళ్లిపోండి, దాని మీద ఆధారపడి మాత్రం ప్లాన్ వెయ్యకండి.

పద్యనాటకం. దీనికి కొంచెం తయారై వెళ్లాలి. నాటికకి ఏమీ తెలియకుండా వెళ్లడమే మంచిది, పద్యనాటకానికి మాత్రం కథా, వీలైతే పద్యాలూ ముందే తెలిసుంటేనే రుచి. ఏం జరుగుతుందో చూడటానికి ఎవరూ రారు, రాయబారంలో సంధి పొసగదని హాల్లో అందరికీ తెలుసు. ఈయన ఎలా పాడతాడు, ఏ మాట దగ్గర ఆగుతాడు, రాగం ఎక్కడిదాకా లాగి ఎలా దించుతాడు, అదీ చూడటానికొచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర, చిలకమర్తి వారి గయోపాఖ్యానం, వీటిల్లో ఏది దొరికితే అది. ముందు రోజు యూట్యూబ్‌లో షణ్ముఖి ఆంజనేయరాజు గారివో పీసపాటి నరసింహమూర్తి గారివో కృష్ణుడి పద్యాలు కొన్ని, డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర కొంచెం విని వెళ్లండి. వీళ్లిప్పుడు లేరు, కానీ ఇప్పుడు ఆడేవాళ్లందరి వెనకా వీళ్ల నీడ ఉంటుంది.

హరిశ్చంద్ర కాటిసీను గురించి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే, కానీ శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడగా జనం కళ్లు తుడుచుకునే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా గారివి. నటులు వాటిని తెచ్చి ఇందులో కలుపుకున్నారు, జనం ఒప్పుకున్నారు, ఇక విడదియ్యడం ఎవరివల్లా కాలేదు. పద్యనాటకంలో పుస్తకంలో ఉన్నదానికీ స్టేజీ మీద ఆడేదానికీ ఎప్పుడూ తేడా ఉంటుంది, అందులో నటుడి వాటా ఎంతో ఈ ఒక్క సీనుతో అర్థమవుతుంది.

పల్లెల్లో ఇప్పటికీ కాంట్రాక్టు పద్ధతిలో వేస్తుంటారు. అంటే కృష్ణుడు ఒక ఊరి నుంచి, దుర్యోధనుడు ఇంకో ఊరి నుంచి, అర్జునుడు మరో చోటి నుంచి వస్తారు. కలిసి రిహార్సల్ ఉండదు, మేకప్ గదిలో నమస్కారాలు పెట్టుకుని నేరుగా స్టేజీ మీదకే. పడక సీనుకి (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడూ అర్జునుడూ సాయం అడగడానికొచ్చే సీను) ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మూడో ఆయన. కొత్తవాళ్లకి ఇది వింతగా ఉంటుంది, కృష్ణుడు ఉన్నట్టుండి ఆరంగుళాలు పొడుగు పెరిగాడేమిటని. పాతవాళ్లకి ఇదే పందెం, ఏ కృష్ణుడు నెగ్గాడన్నది తెల్లారి టీ కొట్టు దగ్గర తేలుతుంది. వన్స్ మోర్ అంటే నిజంగానే మళ్లీ పాడతారు. హార్మోనియం మనిషిని గమనించండి, రిహార్సల్ లేని ఈ నాటకాన్ని కుట్టి నిలబెట్టేది ఆయనే. నటుడు ఏ శ్రుతిలో ఎత్తుకోబోతున్నాడో గొంతు సవరించుకోవడంలోనే పట్టేస్తాడు.

హాల్లో చూస్తే దీని సగం మజా పోతుందని నా గట్టి అభిప్రాయం. శివరాత్రికి జాగరణ పేరుతో శివాలయాల దగ్గర వేస్తారు, తిరునాళ్లల్లో వేస్తారు. మీకు కోస్తాలో బంధువులెవరైనా ఉంటే ఆ రాత్రికి వెళ్లండి, చాప, దుప్పటి తీసుకెళ్లండి. తెలుగు పద్యం అర్ధరాత్రి దాటాక ఆరుబయట వినాల్సిన వస్తువు.

ఈ మూడూ అయ్యాకే కన్యాశుల్కం జోలికెళ్లండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, ఇప్పుడు మనం చదివేది ఏడు అంకాల 1909 నాటి రూపం. మొత్తం ఆడాలంటే సాయంత్రం చాలదు, అందుకని అందరూ కుదించే వేస్తారు. జె.వి. సోమయాజులు, రమణమూర్తి సోదరులు రామప్ప పంతులుగా, గిరీశంగా దీన్ని జనంలోకి తీసుకెళ్లారు. దీనికి మాత్రం ముందు పుస్తకం చదవండి. చదివాక వెళ్తే ఏ సీను తీసేశారో తెలుస్తుంది, ఏది తీసేశారన్నదాన్ని బట్టి దర్శకుడు ఎలాంటివాడో తెలుస్తుంది. గిరీశం నవ్వుల కోసమే వేసేవాళ్లు ఎక్కువ, మధురవాణిని అర్థం చేసుకుని వేసేవాళ్లు తక్కువ.

హైదరాబాద్‌లో మీ వయసువాళ్లు చేసే నాటకాలు వేరే దారిలో ఉంటాయి. సూత్రధార్, నిషుంబిత, సమాహార లాంటి బృందాలు, బంజారాహిల్స్‌లో లమకాన్, గచ్చిబౌలి వైపు రంగభూమి లాంటి వేదికలు. హిందీ, ఇంగ్లీషు, తెలుగు కలిసి ఉంటాయి, టికెట్ కొంటారు, టైముకి మొదలవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ థియేటర్ విభాగం విద్యార్థుల ప్రదర్శనలు ఎక్కడ పడినా వదలకండి, తప్పులుంటాయి కానీ తెగింపు ఉంటుంది. మీ ఆఫీసువాళ్లని తీసుకెళ్లాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే తేలిక. రవీంద్రభారతికి తీసుకెళ్లి సన్మాన సభలో కూర్చోబెడితే మళ్లీ మీతో రారు.

సన్మానం అన్నాను కదా, అది కూడా చెప్పాలి. కార్డు మీద సాయంత్రం 6 గంటలకి అని ఉంటుంది. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన కూడా అవ్వదు. ముఖ్య అతిథి రావాలి, వేదిక మీదకి పిలవాలి, శాలువాలు, జ్ఞాపికలు, "ఎక్కువ సమయం తీసుకోను" అంటూ మొదలెట్టే ఉపన్యాసాలు. ఒకచోట నటులు మేకప్‌తో వింగులో గంటన్నర నిలబడ్డారు, తెరలేచేసరికి సగం మీసం చెమటకి ఊడిపోయింది. కార్డులో "సభ" అనీ "ప్రదర్శన" అనీ విడివిడిగా రాసుంటే ప్రదర్శన టైముకి అరగంట ఆలస్యంగా వెళ్లినా చాలు, విడిగా రాయకపోతే మాత్రం నిర్వాహకులకి ఫోన్ చేసి "నాటకం ఎన్నింటికి సార్" అని అడగండి. పరిషత్తుల్లో మొదటి నాటికకే ఈ బాధ, రెండోదాన్నుంచి బండి దానంతటదే పరిగెడుతుంది.

డబ్బు సంగతికొస్తే చాలావాటికి ప్రవేశం ఉచితం. "అందరూ ఆహ్వానితులే" అంటే నిజంగానే అందరూ. ఉచితం కదా అని మధ్యలో లేచి వెళ్లడం, పక్కవాళ్లతో ఫోన్లో మాట్లాడటం మనవాళ్లకి ఎక్కువ, మీరు చెయ్యకండి. నచ్చితే నిర్వాహకుల చేతిలో ఒక సినిమా టికెట్ డబ్బులైనా పెట్టి రండి, మొహమాటపడతారు, అయినా పెట్టండి. నాటికకి నాలుగో వరస నుంచి ఏడో వరస దాకా బాగుంటుంది, మొదటి వరసలు వీఐపీల కోసం ఆపుతారు, వాళ్లు సభ అవగానే వెళ్లిపోతారు, అప్పుడు ముందుకి జరగొచ్చు. అయిపోయాక గ్రీన్‌రూమ్‌కి వెళ్లండి. పొగడ్తల ఉపన్యాసం అక్కర్లేదు, ఒక సీను పేరు చెప్పి "అక్కడ మీరు చేసింది నాకు బాగా పట్టింది" అంటే చాలు. నాలుగు వందల మంది చప్పట్ల కన్నా ఆ ఒక్క మాట వాళ్లకి ఎక్కువ కాలం గుర్తుంటుంది, నాతో చాలామంది అన్నారు.

ఏడాది ప్లాన్ అడిగారు. నేనెలా వేసుకుంటానో చెప్తాను, మీ సెలవుల్ని బట్టి మార్చుకోండి.

జనవరి, ఫిబ్రవరి బయటి రాష్ట్రాలకి. త్రిస్సూరులో కేరళ సంగీత నాటక అకాడమీ వాళ్ల అంతర్జాతీయ నాటకోత్సవం 2008 నుంచి నడుస్తోంది, సాధారణంగా ఈ నెలల్లోనే ఉంటుంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్ఎస్‌డీ) వాళ్ల నాటకోత్సవం భారత్ రంగ్ మహోత్సవ్ కూడా ఇంచుమించు అప్పుడే. రెండూ ఒకే ఏడాది కుదరవు, ఈసారి నాది త్రిస్సూరు. భాష రాకపోతే ఎలా అని భయపడకండి, భాష తెలియని నాటకం చూస్తే నటుడి శరీరం మీద కన్ను నిలుస్తుంది. ఆ తర్వాత శివరాత్రి, పైన చెప్పినట్టు.

మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఈ రెండు తేదీల చుట్టూ ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఉగాది నుంచి మే దాకా పరిషత్తుల సీజన్, నాకు సంవత్సరంలో ఇదే అసలు పండగ. ఎండ ఉంటుంది, కొన్ని చోట్ల ఏసీ ఉండదు, నీళ్ల సీసా మర్చిపోకండి.

వానాకాలంలో మన దగ్గర కొంచెం మందగిస్తుంది, అప్పుడు బెంగళూరు పెట్టుకోండి. జయనగర్ పక్కన రంగశంకర అనే నాటకశాల 2004 నుంచి ఉంది, నాటకం మొదలయ్యాక ఎవరొచ్చినా లోపలికి పంపరు, ట్రాఫిక్ కథలు చెప్పినా వినరు. మన హాళ్లకి అలవాటుపడ్డ ప్రాణానికి మొదట షాకు, తర్వాత హాయి. ఆగస్టు 2 రంగస్థల నటుడు బళ్లారి రాఘవ జయంతి, సెప్టెంబరు 21 గురజాడ జయంతి, ఆ రోజుల్లో విజయనగరం, విశాఖ వైపు వెళ్లగలిగితే బాగుంటుంది. విశాఖలో కళాభారతి, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమండ్రిలో ఆనం కళాకేంద్రం, ఈ హాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి, ఆఫీసు పని మీద ఆ ఊళ్లకి వెళ్తే సాయంత్రం ఒకసారి అటు తొంగిచూడొచ్చు. చలికాలం మొదట్లో హైదరాబాద్‌లో ఖాదిర్ అలీ బేగ్ నాటకోత్సవం ఉంటుంది, అక్కడ మాత్రం టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి.

ఈ మధ్యలో ఎప్పుడైనా చిందు యక్షగానం, తోలుబొమ్మలాట తగిలితే నాటకం కాదని వదిలెయ్యకండి. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి 2024లో, తోలుబొమ్మలాటకి నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీలు వచ్చాయి. కానీ పద్మశ్రీ వచ్చిన వార్త చదివినవాళ్లలో ప్రదర్శన చూసినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

మొత్తం ఇంత ఒక్క ఏడాదిలో అయ్యేది కాదు, నాకే అవ్వదు. మీకైతే నెలకి ఒకటి, వేసవిలో ఒక పరిషత్తు, బయటి ఊరికి ఒక ప్రయాణం, ఇది చాలు. ఇంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే మూడో నెలకే నీరసం వస్తుంది.

ఆఫీసువాళ్ల నవ్వు గురించి. "చచ్చిపోయింది" అనేమాట నేను చూడటం మొదలుపెట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ప్రేక్షకులు తగ్గారు, అబద్ధమెందుకు, వచ్చేవాళ్లలో తలనెరిసినవాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో వారం మధ్యలో వేస్తే ముందు వరసలు నిండవు. కానీ వేసేవాళ్లు తగ్గలేదు. పగలు బ్యాంకులో, బడిలో, కరెంటాఫీసులో పనిచేసి, రాత్రి రిహార్సల్ చేసి, సొంత డబ్బు కలుపుకుని బస్సెక్కి వచ్చి ఆడే మనుషులు ఇప్పటికీ వందల్లో ఉన్నారు. ఏదైనా పరిషత్తు ఎంట్రీల జాబితా చూస్తే మీకే తెలుస్తుంది.

మీరు హైదరాబాద్‌లో ఏ వైపు ఉంటారో, వారంలో ఏ సాయంత్రాలు ఖాళీయో కింద చెప్పండి. చిక్కడపల్లి మీకు దూరమైతే దగ్గర్లో ఏముందో చూసి చెప్తాను, రాబోయే పరిషత్తుల కార్డులు కూడా నాకు వచ్చినవి వచ్చినట్టు పెడతాను.